ఇనప్పెట్టె లేని ఇల్లు

జిల్లా పేజీల్లో చావు వార్తలు దిద్దినవాళ్లకు ఒక వాక్యం నిద్రలో లేపి అడిగినా వచ్చేస్తుంది: మృతుడికి భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. లారీ ఎటు నుంచి వచ్చింది, సీఐ ఎప్పుడొచ్చారు, పోస్టుమార్టానికి ఎక్కడికి పంపారు, అన్నీ పైన ఉంటాయి. మనిషి మాత్రం చివరి లైన్లో ఉంటాడు. జాగా చాలకపోతే ముందు ఎగిరిపోయేదీ ఆ లైనే.

హత్య వార్త అయితే మరీ అన్యాయం. చంపినవాడి చిన్నతనం, చెడుతిరుగుళ్లు, అప్పులు ఏకరువు పెట్టడానికి కంట్రిబ్యూటర్‌కు కాలమ్ చాలదు. చచ్చిపోయినవాడి సంగతేమిటయ్యా అంటే, ‘మంచోడు సార్, అందరితో కలివిడిగా ఉండేవాడట’ అని ఊరుకుంటాడు. తప్పు అతనిది కాదు. మంచివాడి బతుకులో పట్టుకోవడానికి కొక్కెం దొరకదు. ఆ కొక్కెం ఎక్కడుంటుందో చూడమని కొత్తవాళ్లకు నేను చెప్పే ఉదాహరణ మన జిల్లాలది కాదు. అమెరికాలో మిడ్‌వెస్ట్ అనే నడిమి రాష్ట్రాల్లో ఒకటైన కాన్సస్‌ది. అక్కడ హోల్కమ్ అనే చిన్న ఊళ్లో గోధుమలు పండించుకుంటూ బతికిన హెర్బ్ క్లట్టర్ అనే సంసారపక్షపు మనిషిది.

1959 నవంబర్ 15 వేకువజామున ఇద్దరు దుండగులు ఆయన ఇంట్లో జొరబడి ఆయన్నీ, భార్య బానీనీ, పదహారేళ్ల కూతురు నాన్సీనీ, పదిహేనేళ్ల కొడుకు కెన్యన్‌నూ కట్టేసి చంపారు. మర్నాడు న్యూయార్క్ టైమ్స్‌లో చిన్న వార్త వచ్చింది: సంపన్న రైతు, కుటుంబంలో మరో ముగ్గురి హత్య. అది చూసే రచయిత ట్రూమన్ కపోటీ రైలెక్కాడు, చిన్ననాటి స్నేహితురాలు హార్పర్ లీని వెంటబెట్టుకుని. ఆమె తొలి నవల అప్పటికింకా అచ్చుకాలేదు. కపోటీ న్యూయార్క్ వేషానికి ముఖం తిప్పుకున్న ఊరు ఆమెను చూసి తలుపు తీసిందంటారు. 1966లో పుస్తకంగా వచ్చిన ‘ఇన్ కోల్డ్ బ్లడ్’ కథ అలా మొదలైంది.

క్లట్టర్‌కు నలభై ఎనిమిదేళ్లు. వ్యవసాయ డిగ్రీ చదివి, కొన్నాళ్లు కౌంటీ వ్యవసాయాధికారిగా చేసి, ఆ కొలువు వదిలి సొంత సేద్యంలో దిగాడు. జాతీయ గోధుమ రైతుల సంఘానికి తొలి అధ్యక్షుడు. ఐసెన్‌హోవర్ హయాంలో కేంద్ర వ్యవసాయ పరపతి బోర్డు సభ్యుడు. పక్క పట్నం గార్డెన్ సిటీలో మెథడిస్టు చర్చి కట్టించిన కమిటీ పెద్ద. మందు సరే, కాఫీ టీలు కూడా ముట్టడు. మన దగ్గరైతే ఇదంతా సంతాపసభ ఫ్లెక్సీ మీదికి ఎక్కుతుంది, చదివి మర్చిపోతాం. ఇందులో మనిషి లేడు.

మనిషి ఎక్కడ ఉన్నాడంటే, ఆయన చెక్కుబుక్కులో.

క్లట్టర్ జేబులో డబ్బు ఉండేది కాదు. పది రూపాయల పనికీ చెక్కే రాసిచ్చే రకం. ఊరందరికీ తెలిసిన సంగతే. తెలియనిది ఒక్కడికి, పదేళ్ల కిందట ఆ పొలంలో కొన్నాళ్లు పనిచేసి వెళ్లిపోయినవాడికి. వాడు జైల్లో తన గదిలో ఉన్న డిక్ హికాక్‌తో, ఆ ఆసామి ఇంట్లో ఇనప్పెట్టె ఉందనీ అందులో పదివేల డాలర్లుంటాయనీ చెప్పాడు. హికాక్ బయటికొచ్చి పెర్రీ స్మిత్‌ను తోడు చేసుకుని నాలుగొందల మైళ్లు కారు నడిపాడు. ఆ ఇంట్లో ఇనప్పెట్టె లేదు, ఎన్నడూ లేదు. దొరికింది నలభై యాభై డాలర్లు, ఒక రేడియో, ఒక బైనాక్యులర్. క్లట్టర్ లెక్క మనిషి కావడం చావు వార్తలో చివరి లైనుకు నెట్టేసే ముచ్చట కాదు. దోపిడీ విఫలమైంది దానివల్లే. కొక్కెం అంటే అది.

కపోటీ దాన్ని కనిపెట్టాడు, కనిపెట్టి ఆ ఆఖరి రోజంతా పరిచాడు. పొద్దున ఒక ఆపిల్, గ్లాసుడు పాలు. నాన్సీ పొరుగింటి పిల్లకు చెర్రీ పై చేయడం నేర్పుతుంది. కెన్యన్ పెళ్లి కాబోయే అక్కకు ఇవ్వడానికి సొంతచేత్తో చెక్కపెట్టె చేస్తున్నాడు. సాయంత్రం బీమా ఏజెంటు వస్తాడు. నలభైవేల డాలర్ల పాలసీ, ప్రమాదవశాత్తు పోతే రెట్టింపు. క్లట్టర్ సంతకం చేసి తొలి కిస్తీ కడతాడు. చెక్కుతోనే. నవల్లో ఇది రాస్తే కల్పన ఎక్కువైందని నేనే కొట్టేసేవాణ్ని.

కానీ ఆ తర్వాత కపోటీకి క్లట్టర్ మీద ఆసక్తి పోయింది. పుస్తకం హంతకుల వెంట పోతుంది, స్మిత్ గిటారు, కలలు, బాల్యం మీదుగా 1965 ఏప్రిల్లో ఉరికంబం దాకా. స్మిత్ పాఠకుడికి జీవితాంతం గుర్తుంటాడు, క్లట్టర్ ఒక మంచాయన అనిపించుకుని ఆగిపోతాడు. ఆ పుస్తకం గొప్పదే, కానీ ఈ మొగ్గును నేను ఒప్పుకోలేను. బానీని ఎప్పుడూ మంచం దిగని రోగిష్టిగా చూపించడం మీద బంధువులు తర్వాత గట్టిగా అభ్యంతరం చెప్పారు. చివరి శ్మశానం సీనేమో జరగనే లేదని, అందులో ఉన్న డిటెక్టివే అన్నాడు. అక్షరం అక్షరం నిజమని రచయిత చాటుకున్న పుస్తకం అది!

అందులో పెద్దగా ఎవరూ మాట్లాడుకోని సంగతి ఒకటుంది. వేరే ఊళ్లలో ఉండి బతికిపోయిన పెద్దకూతుళ్లలో ఒకామెకు క్రిస్మస్ రోజుల్లో పెళ్లి అనుకున్నారు. చుట్టాలంతా అంత్యక్రియలకు ఎలాగూ వచ్చారు కదా అని, కొద్దిరోజులకే అదే చర్చిలో ఆ పెళ్లి జరిపించేశారు. ఏడాది మైల పాటించే మన ఇళ్లలో ఇది వింటే ముక్కున వేలేసుకుంటారు. నాకు మాత్రం, దూరాభారం నుంచి వచ్చినవాళ్లను మళ్లీ రప్పించకూడదన్న ఆ పొదుపులో తండ్రి పోలికే కనపడింది.

2009లో హోల్కమ్ పార్కులో ఊరివాళ్లు ఆ కుటుంబానికి స్మారకం పెట్టుకున్నారు. హత్య మీద కాక వాళ్ల బతుకు మీదే దృష్టి పెట్టారు. పుస్తకానికి ఊరి జవాబనుకోవచ్చు. నేను ఊరి పక్షమే, అయినా వృత్తిపరంగా ఒక మాట చెప్పాలి: పదవులు, సేవలు వరసపెట్టి చెక్కితే మళ్లీ ఆ ఫ్లెక్సీ దగ్గరికే వస్తాం. కాబట్టి కొత్త కంట్రిబ్యూటర్లకు పుస్తకంలో మొదటి భాగమే ఇస్తాను. హంతకుల పేజీలు దాటేసి, క్లట్టర్ ఇంటి పేజీలు మాత్రం చదవమంటాను. తర్వాత చావు ఇంటికి వెళ్లినప్పుడు ‘ఎలా జరిగింది’ అని ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు, ఆయన డబ్బు ఎక్కడ పెట్టుకునేవాడు, ఆ రోజు పొద్దున ఏం తిన్నాడు, ఎవరికి ఏం ఇస్తానన్నాడు, అది కూడా అడిగి రాసుకు రమ్మంటాను. సగంమంది రాసుకొస్తారు. ఆ లైన్లు వేయడానికి జాగా చూసుకోవడం డెస్కు పని.