పడవలకి ఆడపేర్లు

1869 మే 24న పదిమంది మగవాళ్లు నాలుగు పడవలేసుకుని అమెరికాలోని గ్రీన్ రివర్ అనే వూరి దగ్గర నదిలోకి దిగారు. కొలరాడో నది తొలుచుకుపోయిన లోయల్ని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసి రావాలని వాళ్ల సంకల్పం. నాయకుడు జాన్ వెస్లీ పవెల్, అంతర్యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్నవాడు. ముందు నడిచే పడవ పేరు 'ఎమ్మా డీన్'. అది ఆయన భార్య పేరు, పుట్టింటి పేరుతో సహా. మరో రెండు పడవలు 'కిట్టీ క్లైడ్స్ సిస్టర్', 'మెయిడ్ ఆఫ్ ది కాన్యన్'. నాలుగోదానికి పేరు తోచలేదు కాబోలు, 'నో నేమ్' అన్నారు. పాపం, అదే ముందు బద్దలయింది.

నాలుగింట మూడు పడవలకి ఆడపేర్లు. ఎక్కినవాళ్లలో మాత్రం ఒక్క ఆడమనిషి లేదు. ఈ గండ్ల దేశం గురించి నేను ఈమధ్య వరసగా చదివిన పేరున్న పుస్తకాల తీరు కూడా ఇంచుమించు అంతే.

కాన్యన్ అంటే మన మాటల్లో గండి. కొండని నది కోసుకుపోయిన చోటు. పెన్న కోసిన గండి మీద కోట కట్టారు కనక గండికోట అయిందని జమ్మలమడుగు వైపు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అయితే ఆరిజోనాలో కొలరాడో కోసిన గ్రాండ్ కాన్యన్ పొడుగు 446 కిలోమీటర్లు. లోతు కొన్నిచోట్ల 1.6 కిలోమీటర్లకి పైమాటే. దానికి ఎగువన యూటా రాష్ట్రంలో ఎర్రరాతి ఎడారి, అందులో లెక్కలేనన్ని పిల్లగండ్లు. వాన తక్కువ, నీడ తక్కువ, మనుషులూ తక్కువే. తక్కువంటే లేరని కాదు. నావహో, హోపీ, హవసుపాయ్ జనం తరతరాలుగా పిల్లాపాపలతో అక్కడ కాపరాలు చేస్తూనే వున్నారు. 'మానవుడి అడుగు పడని చోటు' లాంటి మాటలు పుస్తకాల్లో కనపడితే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పవెల్ తన ప్రయాణాన్ని 1875లో పుస్తకంగా వేశాడు. చెప్పొద్దూ, అందులో నాకు బాగా నచ్చింది సరుకుల కథ. పిండి తడిసి బూజు పట్టింది. దోమతెరని జల్లెడ చేసి దాన్ని జల్లించుకున్నారు. పందిమాంసం చెడిపోయింది. పంచదార కరిగి నదిలో కలిసింది. ఎండబెట్టిన యాపిల్ ముక్కలు కొన్ని, కాఫీ పొడి మాత్రం బస్తాడు మిగిలాయి. ముందు ఎన్ని జలపాతాలున్నాయో తెలీదు, బస్తాలో ఎన్ని పూటలకుందో తెలుసు. ఇల్లు నడిపిన ఏ ఇల్లాలికైనా ఆ పేజీలు చదువుతుంటే గుండె దడదడలాడుతుంది. మరోచోట ఒంటిచేత్తో కొండెక్కుతూ మధ్యలో ఇరుక్కుపోతాడు పవెల్. పైనున్న స్నేహితుడి దగ్గర తాడు లేదు. ఆయన తన లోపలి లాగు విప్పి కిందకి వేలాడదీస్తే దాన్ని పట్టుకుని బతికి బయటపడ్డాడు. గొప్ప సాహసాల్లో ఇంత గొప్ప లాగు మరొకటి లేదు. ఇదంతా నవ్వు రాకుండా రాయగలిగినందుకు ఆయన్ని మెచ్చుకోవాలి.

మెచ్చుకోలేని సంగతి మరొకటుంది. ఆయన 1871-72లో రెండోసారి మరికొందరితో వెళ్లాడు. ఆ ప్రయాణంలో జరిగినవి కొన్ని తెచ్చి 1869 కథలో అతికించాడు. ఆ రెండోసారి కష్టపడినవాళ్ల పేర్లు పుస్తకంలో లేవు. మగవాళ్ల గతే అదయితే ఎమ్మా డీన్ మాటేమిటి? భర్త యుద్ధంలో చెయ్యి పోగొట్టుకున్నప్పుడు దగ్గరుండి సేవ చేసింది. 1867లో ఆయనతో పాటు 14 వేల అడుగులు దాటిన పైక్స్ శిఖరం ఎక్కింది. అలాంటి మనిషి పుస్తకంలో చెక్కపడవై తేలింది.

1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన మన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఏ మజిలీలో నీళ్లు బావుంటాయో, ఎక్కడ ఏ సరుకు దొరుకుతుందో పూసగుచ్చినట్టు రాసుకున్నారు. వెంట వందమంది పరివారం వున్న మనిషి మరి. పదిమందికి తిండి సంగతి చూడవలసినవాడి కళ్లకి దారి వేరేగా కనిపిస్తుంది. ఒంటరినని చెప్పుకునేవాడికి కొండలూ తనూ తప్ప మూడోది కనపడదు.

అలా చెప్పుకున్నవాళ్లలో మొనగాడు ఎడ్వర్డ్ యాబీ. 1956, 57లలో యూటాలోని ఆర్చెస్ లో సీజనుకి సీజను రేంజరుగా పనిచేసి, ఆ అనుభవంతో 1968లో 'డెజర్ట్ సాలిటేర్' వేశాడు. పేరులోనే ఏకాంతం వుంది. వచనం అద్భుతం. ఆనకట్ట కట్టి ముంచెయ్యబోతున్న గ్లెన్ కాన్యన్ లో ఆఖరిసారిగా పడవ మీద తేలుతూ పోయిన అధ్యాయం చదివితే, చావు ముందు మంచం పక్కన కూచున్నట్టుంటుంది. 1963లో గేట్లు మూశారు, ఆ లోయ నిజంగానే మునిగింది. పైగా ఆ జలాశయానికి పవెల్ పేరే పెట్టారు!

అయితే ఆ సీజన్లలో కొంతకాలం భార్యా, పసివాడూ యాబీతో అక్కడే వున్నారని ఆయన జీవితచరిత్ర రాసినవాళ్లు తేల్చారు. పుస్తకంలో వాళ్లు లేరు. ఎలకలు వున్నాయి. గిలకపాములు దగ్గరకి రాకుండా తెచ్చి పెంచుకున్న మరో జాతి పాము వుంది. దాన్ని చొక్కా లోపల నడుముకి చుట్టుకుని తిరిగిన ముచ్చట కూడా వుంది. పాముకి అధ్యాయం దక్కింది, ఇల్లాలికి వాక్యం దక్కలేదు. నవలలు రాసేదాన్ని, కథ కోసం కొన్ని వదిలెయ్యాలని నాకూ తెలుసు. కానీ వదిలేసినదాని మీదే పుస్తకానికి పేరు పెట్టుకుంటే అడగకుండా ఎలా వుంటాం?

ఆ లోటు ఆయన అభిప్రాయాల్లోనూ కనపడుతుంది. కార్లని ఆ పార్కుల్లోకి రానివ్వకూడదంటాడు యాబీ. దిగి నడవండి, పాకండి, మోకాళ్లు చీరుకుపోనివ్వండి అంటాడు. బావుంది. మరి ముసలివాళ్లు? వాళ్లకి వయసులో వున్నప్పుడే అవకాశం దొరికింది కదా, ఇప్పుడు జాలెందుకు అన్న ధోరణి. సైకిలు తొక్కలేని పసిపిల్లలు? కొన్నేళ్లు ఆగితే సరి. ఆ కొన్నేళ్లూ వాళ్లని చంకనేసుకుని కూచునేదెవరో ఆయన రాయలేదు. అమెరికాలో కూతురి దగ్గరికో కొడుకు దగ్గరికో వెళ్లిన మన పెద్దవాళ్లు గ్రాండ్ కాన్యన్ అంచుకి కారులోనే చేరతారు, మోకాళ్ల నొప్పులతో, పులిహోర డబ్బాతో. రెయిలింగు పట్టుకుని ఆ ఎరుపు వంక చూస్తూ మాట పడిపోయి నిలబడ్డ అమ్మమ్మ చూపు యాబీ చూపుకంటే తక్కువదంటే నేను ఒప్పుకోను.

ఒంటరి వీరుడి కథల్లో మరీ ఒంటరిది ఏరన్ రాల్స్టన్ ది. 2003 ఏప్రిల్లో ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరికీ చెప్పకుండా యూటాలో బ్లూ జాన్ కాన్యన్ లోకి దిగాడు. బండరాయి జారి చెయ్యి నలిగి ఇరుక్కుంది. అయిదురోజుల పైన అలా వుండి, చివరికి ఎముక విరుచుకుని, మొండి చాకుతో చెయ్యి కోసుకుని బయటపడ్డాడు. 2004లో పుస్తకం రాశాడు. 2010లో '127 అవర్స్' అని సినిమా వచ్చింది, మన ఏ.ఆర్. రెహమాన్ సంగీతంతో.

పుస్తకంలో గండిలో జరిగే కథ పక్కనే ఇంకో కథ నడుస్తుంది. పనికి రాలేదని తెలిసి కంగారు పడిన స్నేహితులు, కొడుకు ఎటు వెళ్లాడో కనిపెట్టడానికి అతని ఈమెయిల్ తెరిచి చూసిన తల్లి, పోలీసులకి ఫోన్ మీద ఫోన్లు. ఆ వెతుకులాట ఫలితంగానే హెలికాప్టర్ సమయానికి ఆ ఆకాశంలో వుంది. అంతకు ముందు నెత్తురోడుతూ నడుస్తున్న అతన్ని చూసింది, సెలవులకి వచ్చిన హాలండు కుటుంబం, తండ్రీ తల్లీ కొడుకూ. నీళ్లిచ్చారు, బిస్కెట్లిచ్చారు. తల్లీ కొడుకూ సాయం కోసం ముందు పరిగెత్తారు. సినిమా వాళ్లు బండరాయినీ, చాకునీ దగ్గరగా చూపించారు. ఆ అమ్మ వెతుకులాటని తీసేశారు. అందుకే సినిమాకంటే పుస్తకమే నిజాయితీ గలదని నా తీర్పు.

ఇక అసలు మెచ్చుకోవలసిన పుస్తకం. మెలిస్సా సెవిగ్నీ 2023లో రాసిన 'బ్రేవ్ ది వైల్డ్ రివర్'. ఇది 1938 కథ. మిషిగన్ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పే ఎల్జాడా క్లోవర్ కి ఆ లోయల్లో బ్రహ్మజెముడు జాతులేమున్నాయో చూడాలని పట్టుదల. ఆవిడకి 41 ఏళ్లు. తోడుగా 24 ఏళ్ల విద్యార్థిని లోయిస్ జాటర్. నార్మన్ నెవిల్స్ అనే పడవలాయనతో మరికొందరు మగవాళ్లని కలుపుకుని జూన్ 20న బయల్దేరారు. ఈసారి పడవలకి ఆడపేర్లు లేవు. ఒకటి నెవిల్స్ తండ్రి పేరులోని పొడి అక్షరాలు, ఒకటి వాళ్ల వూరి పేరు, మూడోది 'బోటనీ'.

పదేళ్ల క్రితమే, 1928లో, బెస్సీ హైడ్ అనే కొత్త పెళ్లికూతురు భర్తతో ఆ నదిలో వెళ్లి మాయమైపోయింది. పడవ దొరికింది, మనుషులు దొరకలేదు. ఆ పేరు చెప్పి పత్రికల వాళ్లు ఈ ఇద్దరినీ భయపెట్టబోయారు. ఒక్కావిడ పోయినంత మాత్రాన నది ఆడవాళ్లకే ప్రత్యేకంగా ప్రమాదమని ఎందుకనుకోవాలని జాటర్ వాదన. మొదటి రోజుల్లోనే పడవ ఒకటి తెంపుకుని పోతే వెతుక్కుంటూ వెళ్లి, ఓ రాత్రంతా నది ఒడ్డున మంట వేసుకుని ఒక్కతే గడిపింది.

తెల్లారకముందే లేచి అందరికీ వంట చేసేదీ వీళ్లిద్దరే. మొక్కలు ఏరి, కాగితాల మధ్య అదిమి, పేర్లు రాసి భద్రపరిచేదీ వీళ్లే. ఈ విషయాన్ని సెవిగ్నీ ఎక్కడా ఏడుపుగా రాయలేదు, డైరీల్లో వున్నది వున్నట్టు పెట్టింది. అదే ఆవిడ బలం. జలపాతాలు రాగానే తనూ కాస్త పరుగందుకుని వంటపొయ్యిని మర్చిపోతుంది. ఆ తెల్లవారుజామున మరో రెండు పేజీలు ఆగివుంటే బావుండేదని నాకనిపించింది. పెద్ద లోపమేం కాదు.

ఆగస్టు 1న మీడ్ సరస్సు చేరారు. దాదాపు 400 రకాల మొక్కల వివరాలు 1944లో అచ్చయ్యాయి. ఆనకట్ట పడ్డాక వరదలు ఆగి, ఒడ్డున పెరిగేవే మారిపోయాయి. అంతకు ముందు ఏముండేదో చెప్పాలంటే శాస్త్రజ్ఞులు ఈ ఇద్దరి జాబితా తీస్తారు. 1994లో కొందరు జాటర్ ని కూడా మళ్లీ పడవెక్కించి తీసుకెళ్లారు, ఏమేం మారిందో చెప్పమని. అప్పుడావిడకి 80 ఏళ్లు.