అర్దళం పూసుకున్న పాట

రాత్రి ఎనిమిదిన్నర. ధర్మరాజుల గుడి వెనక, పాత చీరలు అడ్డం కట్టిన మరుగులో దుర్యోధనుడు చాప మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎడమచేతిలో అరచేతంత అద్దం. ముందు కొబ్బరి చిప్పల్లో నూనెతో మెదిపిన రంగులు. ముఖమంతా ఎర్రటి పూత పట్టించి, అది కాస్త ఆరేదాకా ఆగి, ఈనెపుల్లతో కాటుక అందుకున్నాడు. కనుబొమ మీద గీత మొదలైంది. దాంతోపాటే గొంతులో సన్నగా ఓ రాగం. గీత కణత దగ్గర మెలి తిరిగిన చోటే రాగమూ మెలి తిరిగింది. ఆ ముఖంలో బొమ్మ ముందు పుట్టిందో, పాట ముందు పుట్టిందో ఇన్నేళ్లు చూసినా నేను చెప్పలేను.

నగరి, పుత్తూరు, కార్వేటినగరం చుట్టుపక్కల భారతం అంటే పండగ. వేసవిలో ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్లలో పద్దెనిమిది రోజులు మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. బకాసుర వధ నాడు బండెడు అన్నం ఊరేగుతుంది. అర్జున తపస్సు నాడు అర్జున వేషధారి తాటిమానుకు కొట్టిన మెట్లెక్కుతూ మెట్టుకో పద్యం పాడతాడు. పైనుంచి అతను విసిరే నిమ్మకాయ కోసం, విబూది కోసం పిల్లల్లేని ఆడవాళ్లు తడిచీరలతో కింద కాచుకుని ఉంటారు. ఆ ఎత్తున, ఎండలో, బరువైన కిరీటంతో శ్రుతి జారకుండా పాడిన గొంతులు విన్నాను. ఏసీ హాల్లో మంచినీళ్ల సీసా పక్కన పెట్టుకుని పాడేవాళ్లు ఒక్కసారి ఆ మాను కింద నిలబడి వినాలి.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. కథకళిని ప్రపంచమంతా మెచ్చుకుంటుంది, నేనూ మెచ్చుకుంటాను. కానీ అందులో ముఖానికి 'చుట్టి' అనే తెల్లటి అంచు కట్టే నిపుణుడు వేరు, వెనక నిలబడి పాడే గాయకుడు వేరు, ఆడే నటుడు వేరు. మా భారతం ఆటగాడికి ఆ వెసులుబాటు లేదు. తన ముఖం తానే రాసుకోవాలి, తన పాట తానే పాడుకోవాలి, ఆ పాటకు తానే గజ్జె కొట్టాలి. చిత్రకారుడూ, గాయకుడూ ఒకే ఒంట్లో, ఒకే రాత్రి. ఇంతకంటే కష్టమైన విద్య నాకు కనబడలేదు.

రంగుకో లెక్క ఉంది. మేళానికీ మేళానికీ తేడాలున్నా, కృష్ణుడికి పచ్చ, దుర్యోధన దుశ్శాసనులకు ఎరుపు, ద్రౌపదికి పసుపు. పసుపుకు అర్దళం, ఎరుపుకు ఇంగిలీకం నూరేవారని పెద్దలు చెప్పగా విన్నాను. ఒకటి పాషాణం, ఒకటి పాదరసం, చర్మాన్ని తినేవే. ఇప్పుడు పొడి రంగులు వచ్చాయి, మంచిదే, వాటితో నాకు పేచీ లేదు. రంగు ఏదైనా గీత గీసే చెయ్యి ముఖ్యం. కనుబొమ నుంచి చెంప దాకా తెల్లచుక్కలు వరసగా పెడతారు. చిన్నప్పుడు ఆ దుర్యోధనుణ్ణే అడిగాను: "ఇన్ని చుక్కలెందుకు మామా?"

"దీపం ఎలుతుర్లో నా కనుగుడ్డు కడగా కూచున్నోళ్లకి కనపడదు నాయనా. చుక్కలు మెరిసే దాన్ని బట్టి నేను ఎవర్ని చూస్తా ఉండానో తెలస్తాది."

చిత్రకళ మీద తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాను. వెలుతురు గురించి ఇంత సూటిగా చెప్పిన వాక్యం వాటిలో దొరకలేదు.

తేలిక కర్రతో చెక్కి, అద్దం ముక్కలు, మెరుపు కాగితాలు అతికిన కిరీటం, భుజకీర్తులు, రొమ్ము పలక ఆ తర్వాత ఎక్కుతాయి. ఇద్దరు తెర పట్టుకుంటే ఆటగాడు దాని వెనకే నిలబడి ప్రవేశదరువు ఎత్తుకుంటాడు. ముఖం కనబడక ముందే గొంతు వస్తుంది, ముఖవీణ ఆ గొంతును పట్టుకుంటుంది. ముఖవీణ అంటే నాదస్వరానికి చిన్న తమ్ముడు, కానీ స్థాయిలో అన్నను మించి పైన పలుకుతుంది. మైకులు లేని రోజుల్లో చెరువు అవతలి ఊరికి వినబడాలంటే మనిషి గొంతు ఆ ఎత్తుకు పోవాల్సిందే. మద్దెల, హార్మోనియం, తాళాలు, వెనకపాట అందుకునే ఇద్దరు ముగ్గురు, అంతే సరంజామా. వీరానికి అఠాణా, ఏడుపుకు ముఖారి అని బాట వేసి ఉంది. ఆ బాటలో ఎక్కడ ఆగాలో, ఏ మాటను సాగదీయాలో ఆ పూట జనాన్ని చూసి తేల్చుకోవాలి.

ఆ దుర్యోధనుడి ప్రయోగం గురించి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను. ఆయన పేరు రాయొద్దన్నాడు, రాయను. పద్దెనిమిదో రోజు ముందు రాత్రి, యుద్ధమంతా అయిపోయి, దుర్యోధనుడు మడుగులో దాక్కుని భీముడి మాటలు పడలేక బయటికి వచ్చే ఘట్టం. తరతరాలుగా అందరూ ఆ ఘట్టానికీ నిండు ఎరుపుతోనే, అఠాణాతోనే వచ్చారు. ఓ ఏడు ఈయన తెర వెనక చెంబుడు నీళ్లు ముఖాన కొట్టుకుని వచ్చాడు. ఎరుపు చారలు చారలుగా మెడమీదికి కారుతోంది, కాటుక కరిగి చెంప మీదికి దిగింది. పాట అఠాణాలోనే ఎత్తుకుని, చచ్చిపోయిన తమ్ముళ్ల మాట వచ్చేసరికి ముఖారిలోకి జారాడు. జనం నోట మాట లేదు. మద్దెల ఆయన ఒక్క క్షణం చెయ్యి ఆపేశాడు. తెల్లారి పెద్దమనుషులు తిట్టారు, రాజు వేషానికి అపచారం అన్నారు. ఆయన ఒకటే మాట అన్నాడు: "మడుగులో మునిగినోడి ముకాన రంగు నిలస్తాదా సామీ?"

మరుసటి ఏడు నీళ్లు మానేసి, కారిన రంగునే ఈనెపుల్లతో ఓపిగ్గా గీసుకున్నాడు. నిజంగా కారితే మెడ దాటి బట్టల్లోకి పోతుందట, గీస్తే కావలసిన చోట ఆగుతుందట. ఆ తర్వాత ఏడు ముఖారి మధ్యలో ఒక అఠాణా ముక్క మళ్లీ తొంగిచూసింది, చావబోయేవాడి పౌరుషంలా. ఒక మనిషి ఏళ్ల తరబడి ఒకే ముఖాన్ని, ఒకే పాటను ఇలా చెక్కుకుంటూ పోవడాన్ని పట్నంలో అయితే ప్రయోగాత్మక కళ అని పేరుపెట్టి గ్యాలరీలో దీపాలు వేసి చూపిస్తారు.

చరిత్ర క్లుప్తంగా చెబుతాను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఇదంతా ఉత్తర ఆర్కాడు. 1960లో సరిహద్దు మార్చి తిరుత్తణిని మద్రాసు రాష్ట్రంలో కలిపారు. గీత పటం మీద పడింది గాని పాట మీద పడలేదు. ఈ వైపు తెలుగు, ఆ వైపు తమిళం, ధర్మరాజుల గుడి మాత్రం రెండు వైపులా ఒకటే. కార్వేటినగరం సంస్థానంలో సారంగపాణి అనే వాగ్గేయకారుడు వేణుగోపాలుడి మీద పదాలు కట్టిన నేల ఇది, సంగీతం ఇక్కడ కొత్తగా దిగుమతి కాలేదు. ఆల్ఫ్ హిల్టెబీటెల్ అనే అమెరికన్ పండితుడు 1988లో ద్రౌపది ఆరాధన మీద పెద్ద గ్రంథమే వేశాడు, ఆయన చూసింది ఎక్కువగా తమిళనాడులోని సెంజి ప్రాంతాన్ని. మా వైపు, నాకు తెలిసినంతలో, అలాంటి పని చేసే తెలుగువాడు ఇంకా రావాలి.

తమిళులు మనకంటే తెలివిగా ఉన్నారని ఒప్పుకోవడానికి నాకు కష్టంగానే ఉంది, అయినా ఒప్పుకోవాలి. పురిసై గ్రామపు కన్నప్ప తంబిరాన్ తెరుక్కూత్తుకు, అంటే తమిళ వీధినాటకానికి, సంగీత నాటక అకాడమీ పురస్కారం తెచ్చాడు. ఆ మేళమే బ్రెహ్ట్ నాటకాన్నీ, మార్క్వెజ్ రెక్కల ముసలాయన కథనూ తెరుక్కూత్తులో ఆడింది. కాంచీపురం దగ్గర పి. రాజగోపాల్, హన్నే డి బ్రుయిన్ దంపతులు దాన్ని కట్టైక్కూత్తు అనాలని పట్టుబట్టారు. కట్టై అంటే ఆ కర్ర ఆభరణాలే. 2002 నుంచి 2020 దాకా గురుకులం నడిపి, మగవాళ్ల సొత్తుగా ఉన్న వేషాన్ని ఆడపిల్లలకూ నేర్పారు. మనం ఏం చేశాం?

మనం రికార్డింగ్ డాన్సులు పెట్టాం. పద్దెనిమిది రాత్రుల్లో నాలుగు ఆర్కెస్ట్రాకు ఇచ్చాం. తెల్లవార్లూ ఆడాల్సిన నాటకాన్ని రెండు గంటలకు కుదించి, ఆ రెండు గంటలకూ సినిమా బాణీలు ఎక్కించి, పాట ముందే రికార్డు చేసుకుని పెదాలు కదిపే మేళాలకు తాంబూలం ఇస్తున్నాం. పెదాలు కదిపేవాడు వేషగాడెలా అవుతాడు? ప్లాస్టిక్ కిరీటం పెట్టి, ముఖాన గులాబీ పౌడరు కొట్టి, అందరికీ ఒకే కనుబొమ గీసేస్తే దుర్యోధనుడికీ ద్రౌపదికీ తేడా చీర ఒక్కటేనా? దుర్యోధన వధకు నేల మీద పడుకోబెట్టే మట్టి బొమ్మను చూడండి. సున్నం, ఎర్రమన్ను, బొగ్గుతో రోజులకొద్దీ తీర్చేవాళ్లు. తొడలో ఎర్రనీళ్ల కుండ దాచి, భీముడు గద వెయ్యగానే పగిలేలా పెట్టేవాళ్లు. ఒక ఊళ్లో ఆ మట్టి దేహానికి ఫ్లెక్సీ మీద అచ్చువేసిన ముఖం అతికించారు. చీపుర్లతో కొట్టడానికి వచ్చిన ముసలమ్మ ఆ ముఖం చూసి చీపురు కింద పెట్టేసింది. ఆవిడకు తెలిసింది కమిటీ వాళ్లకు తెలియలేదు.

కమిటీ పెద్దలకు చేతులెత్తి మొక్కుతున్నాను. పందిట్లో ఆ తెల్లటి ఫ్లడ్‌లైట్లు నాటకం వేళకైనా ఆర్పండి, చుక్కలు మెరవనివ్వండి. మైకు ఒక్కటి చాలు. ఆర్కెస్ట్రాకు ఇచ్చే దాంట్లో సగమైనా మేళానికి ఇవ్వండి. ఆ మరుగు దగ్గర పిల్లల్ని తరమకండి, రంగు కలపడం చూడనివ్వండి. నేను అలా చూసినవాణ్ణే.

మొన్న వేసవిలో అగ్నిగుండం తొక్కడం అయిన రాత్రి ఆ దుర్యోధనుణ్ణి కలిశాను. కొబ్బరినూనె గుడ్డతో ముఖం తుడుచుకుంటున్నాడు, గుడ్డంతా ఎరుపు. మోకాళ్లు నొప్పులు, ఇక గజ్జె కట్టలేనంటాడు ప్రతి ఏడూ. ఆ మాటే మళ్లీ అన్నాడు. తర్వాత అద్దం నా చేతికిచ్చి పట్టుకోమని, తుడిచిన ముఖం మీదే వేలితో చెవి నుంచి గడ్డం దాకా ఒక గీత గీసి చూపించాడు. "కర్ణుడికి, మోక్షం నాడు, ఈ పక్క మటుకు పసుపు పెడితే ఎట్టుంటాది నాయనా? సూర్యుడి వైపు." చెబుతూనే గొంతు సవరించుకున్నాడు.