ఓట్లు పెరిగి ఓడినవాళ్లు

మొన్న ఒక చానల్ చర్చలో ఒకాయన కోస్తాలోని ఓ నియోజకవర్గం పేరు వినగానే అక్కడి కులాల శాతాలు ఏకరువు పెట్టేశాడు, దశాంశాలతో సహా. అన్ని కులాలనూ లెక్కగట్టి అంకెలు అచ్చేసిన చివరి జనగణన 1931 నాటిది. ఈయనకు ఎక్కడివో! నా పాత గొడవ ఒకటే: ఎవరు ఎవరికి వేశారో చెప్పేముందు ఫారం-20 తియ్యండి మహాప్రభో, బూత్‌లవారీ ఓట్లు అందులోనే ఉంటాయి.

పొలిటికల్ సైన్స్ చదివి ఏం చేస్తావని పిల్లల్ని దెప్పేదీ మనమే, ఇలాంటి శాతాలను నోరు తెరుచుకుని వినేదీ మనమే.

లెక్క చూడకుండా చెప్పే మాటలకు 1955 ఆంధ్ర ఎన్నికలనే తీసుకోండి. కమ్యూనిస్టులు తుడిచిపెట్టుకుపోయారని ఇళ్లల్లో చెప్పుకునేవారు. సీట్లు చూస్తే నిజమే: 196లో 15. అంతకుముందు 41 ఉండేవి. ఓట్లు మాత్రం 1952 కంటే పెరిగి దాదాపు 31 శాతానికి చేరాయి. అప్పుడు విడివిడిగా పోటీచేసిన కాంగ్రెస్, ఎన్జీ రంగా కృషికార్ లోక్ పార్టీ ఈసారి ప్రజా పార్టీతో కలిసి ఒక్కటయ్యాయి. అంతే, కథ తిరగబడింది.

మరుసటి ఏడాదే సెలిగ్ హారిసన్ అనే అమెరికన్ పాత్రికేయుడు ‘అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూ’లో ఆంధ్ర కమ్యూనిస్టుల గురించి కమ్మ, రెడ్డి పోటీ కోణం నుంచి పెద్ద వ్యాసం రాశాడు. కూడికతో తేలేదానికి కులమెందుకు అంటాను నేను. సరే, ఆ కూడిక కుదిరిందెలా? రంగాగారు కాంగ్రెస్ పక్కన చేరుతూ ఎవరిని వెంట తెచ్చారు? దీనికి ఏ ఓట్ల పట్టికా జవాబు చెప్పదు. నా ఫారం-20 కూడా చెప్పదు, అందులో బూత్ మొత్తమే ఉంటుంది గానీ మనిషి ఉండడు.

ఆ మనిషి కోసమే ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ వాళ్లు 1960ల నుంచి సర్వేలు చేస్తున్నారు. ఇంటికెళ్లి కులం, చదువు, భూమి అడుగుతారు. ఓటు దగ్గరకొచ్చేసరికి నమూనా బ్యాలెట్ చేతికిచ్చి, గుర్తుపెట్టి పెట్టెలో వేయమంటారు. కులమూ ఓటూ ఒకే మనిషి దగ్గర దొరకడం హారిసన్‌కు లేని సౌకర్యం. అయితే అలా ఎంచుకున్న ఇళ్లు రాష్ట్రం తీరు చెప్పడానికి సరిపోతాయి, ఒక్క సీటు జాతకం చెప్పడానికి చాలవు. ఆ చాలకపోవడం ఎంతో కూడా లెక్కేసి చెప్పే వాళ్లున్నారు. వాళ్లను చర్చలకు పిలిస్తే గంట కార్యక్రమం పది నిమిషాల్లో అయిపోతుంది.