బందరు కాగితాల్లో వెలివాడ

బందరు చరిత్ర అనగానే పండితులు ఓడలతో మొదలుపెడతారు. 1605లో డచ్చివాళ్లు దిగారు, 1611లో ఇంగ్లీషు కంపెనీ వచ్చింది, అద్దకం బట్ట సముద్రాలు దాటింది. ఇదేమీ అబద్ధం కాదు. డచ్చి కంపెనీ కాగితాలు హేగ్‌లో, ఇంగ్లీషు కంపెనీవి లండన్‌లో భద్రంగానే ఉన్నాయి. ఆ కాగితాలను ఎవరి కంటితో చదువుతున్నారన్నదే మా పేచీ.

దళితుల గురించి ఆధారాలు లేవు, ఏం రాయమంటారు అని చేతులెత్తేసే వాళ్లున్నారు. ఈ మాట మేం ఒప్పుకోం. 1618 నుంచి 1622 దాకా బందరులో ఇంగ్లీషు కంపెనీ కొలువు చేసిన విలియం మెథ్‌వోల్డ్ గోల్కొండ రాజ్యం గురించి రాసింది 1626లో అచ్చయింది. వజ్రాల గనుల ముచ్చట కోసం దాన్ని తిరగేస్తారు. అందులోనే కులాల వరస కూడా ఉంది. అట్టడుగున అంటరానివాళ్లు. ఊరికి దూరంగా ఉంటారట. చచ్చిన గొడ్ల తోలు వొలుస్తారట. ఆ తోలుతో హిందువులకు చెప్పులూ ముసల్మానులకు జోళ్లూ కుడతారట. దొర అసహ్యంతోనే రాశాడు, నిజమే. అయినా ఊరంతటి కాళ్లకూ తొడుగిచ్చిన చేతులు ఎవరివో ఆ రాతే సాక్ష్యం చెబుతోంది. మరి ఆధారం లేదనడం ఏం న్యాయం?

మిషను కాగితాల సంగతీ అంతే. 1843లో రాబర్ట్ నోబుల్ బందరులో ఇంగ్లీషు బడి పెట్టాడు. కొత్త చదువుకు పునాది వేశాడని పొగుడుతారు. పై కులాల పిల్లల కోసం పెట్టిన ఆ బడిలో మాల మాదిగల పిల్లల్ని చేర్చుకోలేదు. సముద్రం దాటొచ్చిన చదువు కూడా గడప దగ్గర కులం అడిగింది. పొగడ్తలో ఈ ముక్క కలిపితేనే అది చరిత్ర అవుతుంది.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనకు సుమారు 30,000 మంది పోయారని లెక్క. అదే ఊళ్లో డచ్చి దొరల సమాధుల మీద పేర్లూ వంశ చిహ్నాలూ చెక్కి ఉన్నాయి, కేంద్ర పురావస్తు శాఖ వాటిని కాపాడుతోంది. కాపాడనీయండి, మాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ ముప్పై వేలల్లో మనోళ్లెవరు, పల్లంలో ఉన్న ఏ వాడ ముందు మునిగింది అన్నవి కూడా చరిత్ర ప్రశ్నలే గదా!

కాబట్టి చేయాల్సిన పని పెద్దది. సరుకు లెక్కల పక్కనున్న కూలీ లెక్కలు చదవాలి. దొర తిట్టిన చోట ఆగి, ఏ పని చూసి తిట్టాడో పట్టుకోవాలి. వాడల్లో ముసలివాళ్లు చెప్పే మాటల్ని ఆ కాగితాల పక్కన పెట్టి పోల్చాలి. ఇవన్నీ తెలుగులోకి రావాలి. ఈ పని ఎవరో చేసిపెడతారని కూచుంటే ఇంకో నూరేళ్లూ ఓడల పేర్లే వల్లిస్తాం.