టమాటా రాత్రి చూసి కాస్తుంది

"నా చెయ్యి మంచిది కాదండీ, టమాటా నిలవదు." మిద్దెతోట పెంచేవాళ్ల నోట ఈ మాట తరచూ వింటుంటాను. వాళ్ల ఇంట్లో గోంగూర గుబురుగా లేస్తుంది, బెండ విరగకాస్తుంది, బచ్చలి పందిరెక్కుతుంది. టమాటా కూడా ఏపుగానే పెరిగి, పచ్చగా పూస్తుంది. కానీ పూసిన పూత పూసినట్టే రాలిపోతుంది. బలం చాల్లేదేమోనని ఇంకో గుప్పెడు ఎరువు వేస్తారు. ఆకు మరింత ముదురు పచ్చగా కమ్ముకుంటుంది తప్ప పిందె పడదు. చివరికి నింద చేతి మీదికి వస్తుంది. ఏళ్ల తరబడి మిద్దె మీద టమాటా పండిస్తున్న అనుభవంతో చెబుతున్నాను: లోపం చేతిలో లేదు, నాటిన నెలలో ఉంది.

మొక్కకు ఎండ తగులుతోందా లేదా అని అందరం చూస్తాం. ఆరు గంటల ఎండ కావాలి, నిజమే. కానీ టమాటా పిందె పడాలా వద్దా అన్నది చాలావరకు రాత్రి తేలుస్తుంది. రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే పూత చక్కగా నిలుస్తుంది. రాత్రి 22, 23 దాటి, పగలు 35 మించితే పుప్పొడి బలహీనపడి, ఫలదీకరణ జరగదు. రాలబోయే పువ్వును ఒకసారి దగ్గరగా చూడండి. పువ్వు కాడ మధ్యలో చిన్న కణుపు ఉంటుంది. పిందె కట్టని పువ్వుకు ముందు ఆ కణుపు దగ్గర పసుపు తిరుగుతుంది. మర్నాడో ఆ మర్నాడో వేలు తగిలితే చాలు, సరిగ్గా అక్కడే విడిపోయి చేతిలోకి వస్తుంది. అందులో తెగులూ లేదు, పురుగూ లేదు. కాయను మోయలేని కాలంలో మొక్క పువ్వును వదిలేసుకుంటుంది, అంతే.

మా కింది వాటాలో ఉండే అమ్మాయి ఒక ఏప్రిల్‌లో పైకి వచ్చి, "అక్కా, ఇంత పూసిందే, ఒక్క పిందైనా లేదు. ఏ మందు కొట్టమంటావు?" అంది. "మందేమీ వద్దమ్మా. చవితి దాకా ఆగు, మళ్లీ నారు పోద్దాం" అన్నాను. అదే కుండీ, అదే మట్టి, అదే చెయ్యి. ఆ సంక్రాంతికి వాళ్లింట్లో టమాటా కొనలేదు.

ఈ సంగతి మార్కెట్టే చెబుతుంది. మదనపల్లె టమాటాకు పెట్టింది పేరు. ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. మైదానాల్లో పూత మాడిపోయే రోజుల్లోనూ అక్కడి రాత్రులు కాస్త చల్లబడతాయి. అందుకే మిగతా చోట్ల దిగుబడి పడిపోయే రోజుల్లో లారీలు అటు కదులుతాయి. 2023 జూలైలో కిలో టమాటా 150 రూపాయలు దాటిన రోజులు మనం మరిచిపోలేదు. వేసవి వేడికి కాపు దెబ్బతినడం, ఆ వెంటనే వానలు, తెగుళ్లు అన్నీ కలిసి తెచ్చిన కరువది. చలికాలంలో అదే టమాటా కొనేవాళ్లు లేక రోడ్డు పక్కన పారబోసిన రైతులనూ చూశాం. పొలంలో రైతు తప్పించుకోలేని ఈ కాలధర్మాన్ని మిద్దె మీద మనం గెలవాలనుకోవడం వృథా. దానితో కలిసి నడవడం మాత్రం చాలా తేలిక.

మన పండగలే ఇందుకు మంచి పంచాంగం. హైదరాబాద్, వరంగల్, కర్నూలు వైపు ఉన్నవాళ్లు వినాయక చవితికి నారు పోయండి. వారం లోపే మొలకలు వస్తాయి, 25 నుంచి 30 రోజుల్లో నారు నాటుకు సిద్ధమవుతుంది. దసరా నవరాత్రుల్లో కుండీల్లోకి మార్చండి. దీపావళి దాటగానే మొదటి పూత వస్తుంది. సరిగ్గా అప్పటికి రాత్రులు చల్లబడతాయి. ధనుర్మాసంలో మొదటి పండ్లు, సంక్రాంతికి నిండు కాపు. విజయవాడ, రాజమండ్రి, విశాఖల్లో చలి ఆలస్యంగా వస్తుంది కాబట్టి అక్కడివాళ్లు ఇంకో నెల ఆగి, దసరాకు నారు పోసుకుంటే మేలు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నర్సరీలో ముచ్చటగా కనిపించిన నారు తెచ్చుకుంటే మాత్రం, మొక్క పూతకొచ్చేసరికి ఎండలు ముదురుతాయి.

కాలం కుదిరాక మిగతాది శ్రద్ధ. ముందు రకం సంగతి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన పూసా రూబీ పాతదైనా ఇంటికి నమ్మకమైన రకం. పులుపు బాగుంటుంది, విత్తనం దాచుకోవచ్చు. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క రక్షక్ హైబ్రిడ్. ఆకుముడత వైరస్, బాక్టీరియా వడలు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకునేలా దాన్ని రూపొందించారు. ఏటా తెగుళ్లతో విసిగిపోయినవాళ్లు దాన్ని పెట్టుకోవచ్చు. చోటు తక్కువైతే చెర్రీ టమాటా మంచిది. వేడిని కూడా పెద్ద కాయ రకాలకన్నా కొంత ఎక్కువ ఓర్చుకుంటుంది.

ఒక మొక్కకు 20 లీటర్ల పెయింట్ బకెట్ అంత కుండీ ఉండాలి, అడుగున నీళ్లు పోయే రంధ్రాలుండాలి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు చెరిసగం కలిపి, గుప్పెడు వేపపిండి వేస్తే చాలు. కిందటి కారు వంగ గానీ మిరప గానీ పెట్టిన మట్టిలో టమాటా వద్దు. అవి ఒకే కుటుంబం కాబట్టి, ఒకదాని తెగులు మట్టిలో మిగిలి ఇంకోదానికి పాకుతుంది.

నాటే పద్ధతిలో టమాటాకు ఒక ప్రత్యేకత ఉంది. మిగతా నారును మొదలు మట్టిలో మునగకుండా నాటతాం. టమాటాను మాత్రం కింది ఆకులు తుంచేసి, పై నాలుగు ఆకులే బయట ఉండేలా లోతుగా పాతాలి. కాండాన్ని వెలుగులో పెట్టి చూస్తే, మొదలు దగ్గర చిన్న చిన్న బొడిపెలు కనిపిస్తాయి. మట్టి తగిలితే ఆ బొడిపెల్లోంచి వేళ్లు దిగుతాయి. వేరు ఎంత విస్తరిస్తే మొక్క అంత నిలదొక్కుకుంటుంది. నాటిన రోజే వెదురు కర్ర కూడా పాతేయండి. తర్వాత గుచ్చితే వేళ్లు తెగుతాయి.

తీగలా సాగే రకాలకు ఆకుకూ కాండానికీ మధ్య చంకలో పిలకలు వస్తుంటాయి. అవి వేలెడంత ఉండగానే ఉదయం పూట చేత్తో గిల్లేయాలి. గిల్లిన వేళ్లు పసరు అంటి పచ్చబారతాయి, ఘాటైన వాసన వస్తుంది. టమాటా పెంచేవాళ్లకు ఆ వాసన ఎంతో ఇష్టం. పొట్టిగా గుబురుగా పెరిగే రకాలకు ఈ గిల్లుడు అక్కర్లేదు, వాటికి కొమ్మలు పోతే కాయలే పోతాయి. బీడీ, సిగరెట్ తాగే అలవాటున్నవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే మొక్కను ముట్టుకోవాలి. పొగాకు ద్వారా మొజాయిక్ వైరస్ అంటుకుంటుంది.

ఇక నీళ్లు. రెండు రోజులు మరిచిపోయి మూడో రోజు బిందెడు గుమ్మరించడం టమాటాకు అస్సలు పడదు. కాయ అడుగు నల్లబడి తోలులా అణగిపోతే అది కాల్షియం అందకపోవడం వల్ల. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, దాన్ని కాయ దాకా మోసుకుపోయే నీళ్లే సమంగా అందవు. కోడిగుడ్ల పెంకుల పొడి వేసినా అది కరగడానికి నెలలు పడుతుంది, ఇప్పుడున్న కాయలకు ఉపయోగపడదు. పండ్లు పగలడానికీ నీటి హెచ్చుతగ్గులే కారణం. పొద్దున్నే మొదట్లో, ఆకులు తడవకుండా పోయండి. మట్టి మీద ఎండుటాకులో కొబ్బరి పీచో పరిస్తే తడి నిలుస్తుంది.

పూత మొదలయ్యాక ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య గుత్తి కాడను వేలితో సుతారంగా మీటండి. టమాటా పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. పుప్పొడి మధ్యలోని పసుపు గొట్టంలోనే దాగి, అదిరితేనే రాలుతుంది. పొలాల్లో గాలి, రెక్కలు ఝుమ్మనిపించే తుమ్మెదలు ఆ పని చేస్తాయి. గోడల చాటున ఉండే మిద్దెల మీద మన వేలే చేయాలి.

తెల్లదోమను మొదట్లోనే ఆపాలి, ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది అదే. పసుపు రంగు జిగురు అట్టలు వేలాడదీయండి. వారానికోసారి లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి ఆకుల అడుగున సాయంత్రం పిచికారీ చేయండి. ముడుచుకుని గిడసబారిన మొక్కను మాత్రం జాలిపడి ఉంచకండి. దానికి మందు లేదు, పీకేస్తేనే పక్క మొక్కలు బతుకుతాయి. పక్కన బంతి పెడితే కాయతొలుచు పురుగు దాని మీదికి మళ్లుతుంది. రైతులు ఎన్నో ఏళ్లుగా పాటిస్తున్న పద్ధతి ఇది.

దోరరంగు తిరిగాక కోసినా పండు ఇంట్లో చక్కగా మాగుతుంది, పిట్టలూ ఉడతలూ కొరికే బెడద ఉండదు. కోసిన పండ్లను ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చల్లదనానికి టమాటా సువాసన తగ్గిపోతుంది. ఇంటి టమాటా పప్పులో పడితే వచ్చే కమ్మదనం కోసమే కదా ఇంత శ్రమా!

హైబ్రిడ్ కాని రకమైతే చివరగా ఒక పని చేయండి. అన్నింట్లోకీ ఆరోగ్యంగా ఉన్న మొక్క నుంచి బాగా పండిన పండు ఒకటి విత్తనానికి వదలండి. గుజ్జుతో సహా గింజల్ని గ్లాసులోకి పిండి రెండు మూడు రోజులు పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లంలో కట్టండి. పొట్లం మీద రకం పేరు, సంవత్సరం రాయండి. తడి తగలకుండా దాస్తే ఆ విత్తనం మూడు నాలుగేళ్ల దాకా మొలుస్తుంది.