పారాయణానికి పుస్తకమా, ఫోనా? ఖరగ్‌పూర్ తెలుగిళ్ల ముచ్చట

రాసింది చూసి చదివేవాడు మంచి పాఠకుడు కాడని మన శిక్షాశాస్త్రమే చెప్పింది. పాణినీయ శిక్ష ఆరుగురు అధమ పాఠకులను లెక్కపెట్టింది. రాగాలు తీసేవాడు, గబగబా చదివేవాడు, తల ఊపుతూ చదివేవాడు, రాత చూసి చదివేవాడు, అర్థం తెలియకుండా చదివేవాడు, గొంతు పెగలనివాడు. అంటే ఒకప్పుడు తాటాకు చేతపట్టినవాడిదీ తప్పే అన్నమాట. చెవితో నేర్చి నోటితో నిలుపుకున్నదే చదువు. తాటాకు వచ్చింది, దాని మీద గౌరవం పెరిగింది. అచ్చు పుస్తకం వచ్చింది, అదీ పూజగదిలోకి చేరింది. ఇప్పుడు ఫోన్‌లో సుందరకాండ చదువుతున్న మనవరాలిని చూసి మొహం చిట్లించే తాతగారు ఈ వరస ఒకసారి గుర్తుచేసుకోవాలి. అలాగని తాతగారి చిరాకులో న్యాయం లేదనను. ఉంది. అదేమిటో తేల్చుకోవడానికి ఖరగ్‌పూర్‌ని మించిన ఊరు దొరకదు.

బెంగాల్లో ఉన్న ఈ రైల్వే ఊళ్లో తెలుగు ఇంతగా ఎందుకు వినిపిస్తుందో చాలామందికి తెలియదు. 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న రైలుమార్గం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. సిక్కోలు, విజయనగరం, విశాఖ ప్రాంతాల మనుషులు అదే పట్టాల మీద పైకి వెళ్లారు. వర్క్‌షాపులో, లోకోషెడ్డులో, ట్రాఫిక్‌లో కుదురుకున్నారు. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజనూ ఖరగ్‌పూర్ డివిజనూ ఒకే ఆగ్నేయ రైల్వే కింద ఉండేవి కాబట్టి రాకపోకలు తెగలేదు. మథురాకాటి, నింపురా, మలంచ వైపు వెళ్తే తెలుగు మాట చెవిన పడకుండా నడవలేం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి కారణం కూడా ఈ ఊరి జనమే.

అలా వచ్చినవాళ్ల ట్రంకుపెట్టెల్లో బట్టలతోపాటు భారత భాగవతాలూ, శతకాలూ వచ్చాయి. పొరుగు భాషల మధ్య పడ్డవాడికి పారాయణ గ్రంథం పుణ్యం ఒక్కటే ఇవ్వదు, రోజూ పెద్దగా చదివించి నాలుకను కూడా కాపాడుతుంది.

పారాయణం అంటే ఊరికే చదవడం కాదు, దానికో పద్ధతి ఉంది. స్నానం చేసి, తూర్పుకో ఉత్తరానికో తిరిగి కూర్చుని, సంకల్పం చెప్పుకుని మొదలుపెడతారు. పుస్తకం నేల మీద పెట్టరు. వ్యాసపీఠం ఉంటే సరే, లేకపోతే పీట మీద శుభ్రమైన గుడ్డ పరుస్తారు. ఎంత చదవాలో, ఎక్కడ ఆపాలో ముందే లెక్క ఉంటుంది. భాగవత సప్తాహానికి పన్నెండు స్కంధాలను ఏడు రోజులకు పంచుతారు. సుందరకాండలో 68 సర్గలు. రోజుకొకటి చొప్పున 68 రోజులు చదివేవాళ్లున్నారు, వారంలో ముగించేవాళ్లూ ఉన్నారు. సర్గ మధ్యలో ఆపరు. మొదలుపెట్టాక పక్కవాళ్లతో మాట్లాడరు. చివరికి యుద్ధకాండలోని పట్టాభిషేక సర్గ చదివి, నైవేద్యం పెట్టి లేస్తారు. గొంతు వినపడాలి. పక్కగదిలో వంట చేస్తున్నామెకు కూడా కథ అందాలి. అదే పాణినీయ శిక్ష మంచి పాఠకుడి గుణాలను కూడా చెప్పింది. మాధుర్యం, అక్షరం స్పష్టంగా పలకడం, పదాలు విడదీయడం, మంచి స్వరం, తొణకని ధైర్యం, లయ తప్పకపోవడం. ఈ ఆరింటిలో ఒక్కటీ కాగితం గురించి కాదు.

మరి పుస్తకం ఇందులో ఏం చేస్తుంది? హద్దు గీస్తుంది. కుడిచేతి కింద పేజీలు తరుగుతూ, ఎడమచేతి కింద పెరుగుతూ ఉంటే కథలో ఎక్కడున్నామో వేళ్లకే తెలుస్తుంది. హనుమంతుడు సముద్రం దాటింది ఎంత ముందు, చూడామణి అందుకున్నది ఎంత తర్వాత అన్నది మనసులో ఒక చోటుగా ఉంటుంది. నార్వే పరిశోధకురాలు ఆనె మాంగెన్ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగం కూడా దీనికి దగ్గరగానే ఉంది. ఒకే పొడుగు కథను కొందరు కాగితం మీద, కొందరు కిండిల్ మీద చదివారు. చాలా విషయాల్లో తేడా కనిపించలేదు. సంఘటనల వరసను పట్టుకోవడంలో మాత్రం కాగితం మీద చదివినవాళ్లది పైచేయి. పారాయణానికి వరసే ప్రాణం కదా. 2018లో డెల్గాడో, తోటి పరిశోధకులు 54 అధ్యయనాలను కలిపి చూస్తే కాగితం వైపే మొగ్గు తేలింది. తొందర ఉన్నప్పుడు ఆ మొగ్గు ఎక్కువైంది. కథల దగ్గర మాత్రం అంత తేడా లేదు. కాబట్టి స్క్రీను మీద చదివితే ఏమీ ఎక్కదని కొట్టిపారేయడం అతి.

తెలుగు పద్యం విషయంలో ఇంకో చిక్కుంది. పరిశోధకులు దీన్ని కొలిచినట్టు నేను ఎక్కడా చూడలేదు. మత్తేభం పాదానికి ఇరవై అక్షరాలు, చంపకమాలకు ఇరవై ఒకటి. అచ్చులో నాలుగు పాదాలు నాలుగు వరసల్లో నిలబడతాయి. ప్రతి వరసలో రెండో అక్షరం ఒకటే హల్లు. అది ప్రాస. ఒకదాని కింద ఒకటిగా ఆ నాలుగు అక్షరాలు కంటికి దొరుకుతాయి, గొంతు అక్కడ తనంతట తానే ఒత్తు వేస్తుంది. అదే పద్యాన్ని ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి చూడండి. పాదం మధ్యలో విరిగి కిందికి జారుతుంది, సీసమైతే ముక్కలు ముక్కలవుతుంది. యతి దగ్గర ఆగాల్సిన చోట తెర అంచు వచ్చి ఆపుతుంది. చూపు తగ్గిన పెద్దవాళ్లకు అక్షరం పెరగడం వరమే, పాదం విరగడం శాపమే. ఫోన్‌ని అడ్డంగా తిప్పితే కొంత మేలు.

పాఠశుద్ధి సంగతీ చెప్పుకోవాలి. 1854లో మద్రాసులో మొదలైన వావిళ్లవారి అచ్చుకు పండితుల్లో ఎందుకు అంత పేరంటే, అరసున్నా బండిరా సహా దిద్ది వేసేవారు కాబట్టి. వాట్సాప్‌లో తిరిగే శ్లోకాలను దిద్దేదెవరు? ఒత్తులు పోయినవి, దీర్ఘాలు రాలినవి, ఎవరు టైపు చేశారో తెలియనివి. అలా వచ్చిన పాఠంతో పారాయణం చేయొద్దు. ఇందులో నాకు సందేహం లేదు.

స్క్రీను పక్షాన చెప్పుకోవాల్సిందీ చాలా ఉంది. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఖరగ్‌పూర్ ఐఐటీయే ఇవాళ భారత జాతీయ డిజిటల్ లైబ్రరీని నడుపుతోంది. 2018 జూన్‌లో దేశానికి అంకితమైన ఈ లైబ్రరీలో భారతీయ భాషల పుస్తకాలను ఇంట్లో కూర్చుని వెతుక్కోవచ్చు. తెలుగువాళ్లు ట్రంకుపెట్టెలతో దిగిన ఊరు ఇప్పుడు దేశం మొత్తానికి పుస్తకాల పెట్టె తెరిచి పెట్టింది. ఆ ఊరి తెలుగువాళ్లలో ఎంతమంది దాన్ని వాడుతున్నారన్నదే నా అనుమానం. ‘తెలుగుభాగవతం’ వెబ్‌సైటులో పోతన భాగవతం మొత్తం ఉంది. ప్రతిపదార్థం ఉంది, వినడానికి గొంతు కూడా ఉంది. పన్నెండు స్కంధాల పుస్తకాలు కొని పెట్టుకునే చోటు రైల్వే క్వార్టర్లో ఎక్కడుంటుంది? లోకో పైలట్‌కు రైలు నడిపేటప్పుడు ఫోన్ ముట్టే వీల్లేదు గానీ, పరాయి ఊరి రన్నింగ్ రూములో పడుకునే ముందు ఒక సర్గ చదువుకోవడానికి సంచిలో బరువు పెంచనిది అదే.

గొంతు విషయంలోనైతే యంత్రం మనకు కొత్త కాదు. ఎం.ఎస్.రామారావు సుందరకాండను తెలుగువాళ్లు రేడియోలోనూ క్యాసెట్‌లోనూ విన్నారు. పుస్తకం తెరవనివాళ్లకు కూడా అలా కంఠస్థమైంది. 2020లో కరోనా రోజుల్లో తిరుమల నాదనీరాజనం వేదిక మీద సుందరకాండ పారాయణం జరుగుతుంటే ఎస్వీబీసీ ప్రసారం చేసింది. ఇంట్లో ఆ గొంతు వింటూ, ఒళ్లో పుస్తకం పెట్టుకుని, వేలితో వరస పట్టుకుని వెంట చదివే పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చింది. పాణినీయ శిక్ష తప్పుపట్టిన రాతపాఠకుడు అక్కడ మళ్లీ చెవి పాఠకుడవుతాడు.

ఫోన్‌తో అసలు ఇబ్బంది అది మాట్లాడించే వస్తువు కావడం. పారాయణం మాట్లాడొద్దంటుంది. సీతమ్మ అశోకవనంలో కూర్చున్న సర్గలో పైనుంచి కరెంటు బిల్లు సందేశం జారిపడుతుంది. విమానం గుర్తు నొక్కి మొదలుపెట్టడం కూడా ఈ కాలం సంకల్పంలో భాగమనుకోవాలి. అంట్ల చేత్తో, మంచం మీద, ఎక్కడపడితే అక్కడ పట్టుకునే వస్తువును పీట మీద పెట్టి చదవడానికి పెద్దవాళ్ల మనసు ఒప్పదు. ఒప్పనక్కర్లేదు కూడా.

ఖరగ్‌పూర్‌లో మాత్రం ఈ తగాదా కంటే పెద్దది ఇంకొకటుంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ బెంగాలీ, బడిలో ఇంగ్లీషు. మూడో తరం పిల్లలు చాలామంది తెలుగు చక్కగా మాట్లాడతారు, తెలుగు అక్షరం మాత్రం చదవలేరు. వాళ్లు స్తోత్రాన్ని ఇంగ్లీషు అక్షరాల్లోనో బెంగాలీ లిపిలోనో వెతుక్కుంటారు. బెంగాలీలో ళ లేదు. ణ రాసినా న పలుకుతారు. వ వెళ్లి బ అవుతుంది. శ ష స మూడూ చాలాచోట్ల ఒకే శబ్దంగా వినిపిస్తాయి. ఎ ఏ, ఒ ఓ తేడా చూపే వీలు లేదు. సంస్కృత శ్లోకానికి హ్రస్వ ఎ, ఒ అవసరం లేదు గనుక అక్కడ ఆ లోటు తగలదు. పోతన పద్యానికి మాత్రం గురువు లఘువైపోయి గణమే తప్పుతుంది. లిపి పోయిన ఇంట్లో అచ్చు పుస్తకం పూజాద్రవ్యంగా మిగులుతుందే తప్ప చదువుగా మిగలదు. పసుపు కుంకుమ పెట్టి, ఉగాదికి ఒకసారి దుమ్ము దులిపి, మళ్లీ అలమారాలో పెడతారు. అలాంటి పుస్తకం కంటే, తడబడుతూనైనా ఫోన్‌లో తెలుగు అక్షరాలు కూడబలుక్కునే పిల్లే పారాయణానికి దగ్గర.

అందుకే నా తీర్పు ఇది. నేర్చుకోవడానికి, వెతుక్కోవడానికి, అర్థం తెలుసుకోవడానికి, ఉచ్చారణ వినడానికి ఫోన్. నియమం పట్టి కూర్చున్నప్పుడు పుస్తకం. రెండింటికీ ముందు తెలుగు అక్షరమాల.

పుస్తకం దొరకడం కష్టమూ కాదు. 1923లో గోరఖ్‌పూర్‌లో పుట్టిన గీతా ప్రెస్ తెలుగులో కూడా చవక ధరకు అచ్చువేస్తుంది, విజయవాడ, సికింద్రాబాద్ లాంటి పెద్ద స్టేషన్ల ప్లాట్‌ఫారాల మీద అమ్ముతుంది.   ఖరగ్‌పూర్ తెలుగు అమ్మలకు, నాన్నలకు ఒక మనవి. ఈసారి సెలవులకు సిక్కోలో విశాఖో వెళ్లినప్పుడు పెద్ద అక్షరాల సుందరకాండ ఒకటి, దాంతోపాటు పెద్దబాలశిక్ష ఒకటి తెచ్చుకోండి. ముందు తెరవాల్సింది రెండోదాన్ని.