అమన్ కమిటీలో మా కుర్చీ

వినాయక చవితికి వారం ముందో, బక్రీద్‌కు నాలుగు రోజుల ముందో మా ఇంటికి ఠాణా నుంచి ఫోనొచ్చేది. "చాచా, రేపు సాయంత్రం నాలుగింటికి శాంతి సంఘం మీటింగున్నది. మీ పెద్దమనుషుల్ని తీస్కొని రావాలె." అబ్బా ఇస్త్రీ కుర్తా తొడుక్కొని, టోపీ సవరించుకొని బయల్దేరేవాడు. నల్లగొండ జిల్లాలోని ఓ చిన్న పట్నంలో ఇరవై ఏళ్లపాటు ఆయన ఆ కుర్చీలో కూచున్నాడు. చాయ్ తాగాడు, రిజిస్టర్‌లో ఉర్దూలో సంతకం చేశాడు, "మా తరఫు నుంచి ఏ గొడవా కాదు సాబ్" అని మాటిచ్చి ఇంటికొచ్చాడు. చిన్నప్పుడు నాకది పెద్ద గౌరవంగా కనిపించేది. విలేకరినై, అదే గదిలో వెనక వరసలో నోట్‌బుక్ పట్టుకొని కూచున్న రోజున అసలు సంగతి తట్టింది. చేయని గొడవకు మా అబ్బా ఇరవై ఏళ్లుగా పూచీ పడుతున్నాడు.

శాంతికి భంగం కలిగిస్తాడన్న అనుమానం ఉన్నవాడితో పూచీకత్తు రాయించుకోవడానికి పాత సీఆర్‌పీసీలో 107వ సెక్షన్ ఉండేది. 2024 జూలై నుంచి అది బీఎన్ఎస్ఎస్‌లో 126వ సెక్షన్ అయింది. అబ్బా మీద ఏ కేసూ లేదు. సెక్షన్ లేకుండానే ఆయన ఏటేటా బైండోవర్ అయ్యాడు.

శాంతి సంఘం సమావేశాన్ని కళ్లారా చూసినవాళ్లకు తెలుసు, అందులో రెండు భాగాలుంటాయి. మొదటిది పనుల భాగం. ఊరేగింపు పోయే తోవలో గుంతలు ఎవరు పూడ్చాలి, కిందికి వేలాడే కరెంటు తీగలు ఎవరు పైకి కట్టాలి, నిమజ్జనం జరిగే చెరువు దగ్గర లైట్లు, క్రేన్, ఈతగాళ్లు ఎవరి బాధ్యత, ఈద్గాకు నీళ్ల ట్యాంకర్ ఎవరు పంపాలి, ఖుర్బానీ వ్యర్థాలు ఏ పొద్దుకు ఎత్తాలి, అంబులెన్స్, ఫైరింజన్ ఎక్కడ నిలపాలి? రెవెన్యూ, పోలీసు, బల్దియా, కరెంటు, ఆరోగ్య శాఖల అధికారులు ఒకే బల్ల చుట్టూ కూచునే పూట అది. రెండోది మాటల భాగం. మైకందుకున్న ప్రతి అధికారీ మత సామరస్యం అంటాడు, అంటూ మా వైపు చూస్తాడు. మేం లేచి మాటిస్తాం.

పనుల భాగంలో మేం పౌరులం. మాటల భాగంలో జామీనుదారులం. నా విమర్శంతా ఈ రెండు భాగాల మధ్య గీత మీదే.

2023లో మీలాద్, గణేశ్ నిమజ్జనం రెండూ సెప్టెంబర్ 28నే వచ్చాయి. హైదరాబాద్‌లో ముస్లిం పెద్దలు మీలాద్ జులూస్‌ను అక్టోబర్ 1కి వాయిదా వేసుకున్నారు. మంచి నిర్ణయం. ఊరంతటి భద్రత కోసం ఒక సమాజం తన పండుగ ఊరేగింపును వెనక్కి జరుపుకుంది. ఇంత చేసినా, మరుసటి మీటింగులో మా దగ్గర మళ్లీ మొదటినుంచి మాట తీసుకుంటే, ముందిచ్చిన మాట ఏ ఖాతాలో జమైనట్టు?

అసలీ మీటింగు అవసరం ఎందుకొచ్చిందో కూడా చూడాలి. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూల్ కింద పట్టణ పాలక సంస్థలకు 18 పనులు చూపించింది. నీళ్లు, పారిశుధ్యం, వీధి దీపాలు, మురికివాడల బాగు, అగ్నిమాపక సేవలు అందులో ఉన్నాయి. పోలీసు లేదు. శాంతిభద్రతలు, పోలీసు ఏడో షెడ్యూల్ ప్రకారం రాష్ట్రం చేతిలోనే ఉన్నాయి. అందుచేత నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా మనం గెలిపించిన బల్దియా పెద్ద ఒక కానిస్టేబుల్‌ను ఫలానా గల్లీలో గస్తీ తిరగమని ఆదేశించలేడు. ఎస్సై ఆరిపోయిన వీధి దీపం వెలిగించలేడు. చీకట్లో ఆడపిల్ల వెంట ఎవడైనా పడితే, దీపం ఒకరిది, లాఠీ ఇంకొకరిది. రాజ్యాంగం వార్డు కమిటీలను మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న చోట్లే తప్పనిసరి చేసింది. 2019 తెలంగాణ మునిసిపాలిటీల చట్టం ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు పెట్టమంది. వాటికి ముఖ్యంగా అప్పజెప్పింది చెట్ల పని, చెత్త పని. భద్రత మాట్లాడే బల్ల మాత్రం ఠాణాలోనే మిగిలిపోయింది.

ఉర్దూ చదువుకున్నవాడిగా నన్ను గుచ్చే సంగతి ఇంకోటుంది. ఠాణా, చౌకీ, నాకా, గస్తీ, జమానత్, పంచనామా, బందోబస్తు. తెలంగాణలో రక్షణ యంత్రాంగం నోట్లోని మాటలన్నీ మా ఇంటి మాటలే. బందోబస్తు అంటే పద్ధతిగా చేసిన ఏర్పాటు. భూమి శిస్తు నిర్ణయానికీ ఒకప్పుడు అదే మాట. ఇవాళ ఆ మాట వింటే లాఠీ తప్ప మరేదీ గుర్తురాదు. కొత్వాల్ చేతిలో పూర్వం రాత్రి కాపలా, బజారు తూనికలు, వీధుల శుభ్రం అన్నీ కలిసి ఉండేవి. వనపర్తి ప్రాంతంలో పుట్టిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి 1920 నుంచి 1934 దాకా హైదరాబాద్ కొత్వాల్. ముస్లిం పాలకుడి రాజధానికి పాలమూరు హిందువు కాపలా కాశాడు. నిజాం పాలనను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. ఆ నమ్మకం రాచరికంలోనే సాధ్యమైతే, ఓటున్న ఈ రోజుల్లో బల్లకు ఇవతలి వైపే మా చోటెందుకని మాత్రం అడుగుతున్నాను.

నా వృత్తినీ వదలను. మా వాడలను 'సమస్యాత్మక ప్రాంతాలు', 'సున్నిత ప్రాంతాలు' అని పత్రికలు రాస్తాయి. నేనూ రాశాను. పోలీసు నోట్‌లో ఉన్నదాన్ని ఉన్నట్టు దింపాను. ఆ వాడలో మోరీ పొంగి ఇళ్లలోకొస్తే సున్నితం కాదు, ఊరేగింపు పోతేనే సున్నితం.

ఇక మా జామీను విలువెంతో చూద్దాం. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది, ఆ వెంటనే పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత పట్టుకుపోయిందీ ముస్లిం యువకుల్నే. కోర్టులో నిర్దోషులుగా తేలినవాళ్లు, పట్టుకుపోయి వదిలేసినవాళ్లు కలిసి సుమారు 70 మందికి 2012లో ప్రభుత్వం పరిహారమూ నడవడిక సర్టిఫికెట్లూ ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. నడవడిక బాగుందని సర్కారే రాసిచ్చిన కాగితం మిగిలింది.

2015 ఏప్రిల్ మొదటి వారమైతే అప్పటి మన నల్లగొండ జిల్లాలోనే గడిచింది. సూర్యాపేట బస్టాండులో తనిఖీ చేస్తున్న పోలీసులపై కాల్పులు జరిగి ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయారు. జానకీపురం దగ్గరి ఎదురుకాల్పుల్లో కాల్చినవాళ్లిద్దరితో పాటు మరో కానిస్టేబుల్ పోయాడు. గాయపడిన ఎస్సై తర్వాత కన్నుమూశాడు. ఆ ఇళ్ల ఏడుపు ఎవరి ఏడుపుకూ తక్కువది కాదు. ఏప్రిల్ 7న, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వ్యాన్‌లోనే కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులన్నారు. ఫోటోల్లో ఖైదీల చేతులకు బేడీలున్నాయి. ఆ వారం రోడ్డు మీద ఖాకీని చూసి ఊపిరి పీల్చుకున్న ఇళ్లూ, ఊపిరి బిగబట్టిన ఇళ్లూ ఒకే పట్నంలో ఉన్నాయి. ప్రజాభద్రత అంటే ఏ ప్రజలు, ఎవరి నుంచి భద్రత అని అడగాల్సింది అక్కడే.

అడగకపోతే ఏమవుతుందో కెమెరాల సంగతి చెబుతుంది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాక, ఆ ఏడే పబ్లిక్ సేఫ్టీ చట్టం వచ్చింది. ఒకేసారి వంద మంది గానీ, రోజుకు ఐదొందల మంది గానీ వచ్చే చోట్లు కెమెరాలు పెట్టుకోవాలి, 30 రోజుల దృశ్యాలు దాచాలి. తర్వాత జనం చందాలతో గల్లీల్లోనూ కెమెరాలు పెట్టించే పథకానికి పోలీసులు 'నేను సైతం' అని పేరు పెట్టారు. శ్రీశ్రీ మాట ఠాణా బోర్డు మీదికెక్కింది. చందా మనది, గల్లీ మనది, చూసే కన్ను మాత్రం ఠాణాది. ఆ కన్ను ఎవరివైపు ఎక్కువసేపు నిలుస్తుందో ఏ మీటింగులోనూ చర్చకు రాదు.

చర్చకు రానివి ఇంకా ఉన్నాయి. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర, బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. శవాలను గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు కావలసొచ్చాయి. ఆ మంటకు హిందువెవరో ముస్లిమెవరో తెలియదు. అలాంటి చావు మళ్లీ రాకుండా రోడ్డు, రవాణా, ఫైరింజన్, ఆస్పత్రి, ఊరి జనం ఒక బల్ల చుట్టూ కూచోవాలంటే ఏ పండుగ రావాలి?

కలిసి కూచోవడం మన నేలకు కొత్తేమీ కాదు. పీర్ల పండుగకు అలావా గుంట ఎవరు తవ్వాలి, పీరు ఎవరు ఎత్తాలి, డప్పు ఎవరు కొట్టాలి అని ఊరు ముందే పంచుకుంటుంది. ముస్లిం ఇల్లొక్కటి లేని ఊళ్లలోనూ పీర్లు లేస్తాయి. నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్టకూ, జాన్‌పహాడ్ దర్గాకూ హిందువులూ మొక్కుకొని వస్తారు. అక్కడ కులం లేదని నేననను. డప్పు ఎవరి మెడకు వేలాడుతుందో అందరికీ తెలుసు. అయినా అక్కడ ముందు పని పంచుకుంటారు, నమ్మకం ఆ వెనకే వస్తుంది. శాంతి సంఘంలో ముందు నమ్మకానికి హామీ అడుగుతారు.

పట్నంలో ఇది సాగదంటారా? మన జిల్లాల పద్మశాలీలు మగ్గం పట్టుకొని బతకబోయిన భివండీని చూడండి. 1970లో, 1984లో ఘోరమైన అల్లర్లు చూసిన ఊరది. 1980ల చివర అక్కడికొచ్చిన పోలీసు అధికారి సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టించాడు. నాయకులకు బదులు రెండు మతాల మామూలు జనాన్ని కూచోబెట్టాడు. గొడవ లేని రోజుల్లోనూ కలిపాడు. 1992 డిసెంబర్, 1993 జనవరిల్లో పక్కనే బొంబాయి తగలబడుతుంటే భివండీ నిలబడింది. అదే భివండీలో 2006లో ఖబ్రస్తాన్ పక్కన ఠాణా కట్టడం మీదే గొడవ లేచి ముస్లింలూ చనిపోయారు, పోలీసులూ చనిపోయారు. కమిటీ తాయెత్తు కాదు, కట్టుకొని ఊరుకోవడానికి. అధికారి మారినా సాగే అలవాటు కావాలి.

మమ్మల్ని మేమూ ప్రశ్నించుకోవాలి. ఆ కుర్చీల్లో మా పేరున కూచునేదెవరు? ముతవల్లులు, పార్టీల మనుషులు, నాలుగు డబ్బులున్నవాళ్లు. అమ్మీలు, ఆపాలు ఎక్కడ? దూదేకులవాళ్లెక్కడ? పంక్చర్ దుకాణం కుర్రాడెక్కడ? మా సాహిత్యం సంగతీ అంతే. 1991లో 'పుట్టుమచ్చ', 1998లో 'జల్జలా' వచ్చి మా అభద్రతను తెలుగు పాఠకుడి గుండె మీద పెట్టాయి. అభద్రతను అంత బలంగా రాసిన మేం, భద్రతను ఎవరు, ఏ గదిలో, ఎవరి పైసలతో తయారుచేస్తారో రాసింది తక్కువ.

ఆ బల్లను ఠాణా నుంచి బల్దియాకు మార్చండి. పండుగకోసారి కాకుండా నెలకోసారి వేయండి. 2017లో ఉర్దూ ఈ రాష్ట్రానికి రెండో అధికార భాష అయింది గనక, ఎవరికి ఏ పని ఒప్పజెప్పారో తెలుగులోనూ ఉర్దూలోనూ గోడకు అంటించండి. మాట తీసుకోవడం మానండి, పని పంచండి.

పోయినేడు అబ్బాకు మోకాళ్లు సహకరించలేదు. ఆయన బదులు నేను వెళ్లాను. మైకు నా దాకా వచ్చినప్పుడు మాటివ్వలేదు. మా మసీదు వెనక గల్లీలో దీపాలారిపోయిన మూడు స్తంభాల నంబర్లు చదివాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత బల్దియా ఇంజనీరు కాగితం తీసి రాసుకున్నాడు. పక్క కుర్చీలోని గణేశ్ మండలి కుర్రాడు లేచి, "సార్, మా గల్లీల రెండున్నయి, అవి కూడ రాస్కోండ్రి" అన్నాడు.